మిషను సభ్యునికి అర్థం కావాలి

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము తరచుగా వినే మాట ఒకటుంది: "మా సభ్యులకు మిషను సంగతి తెలియదండీ." ఈ మాటలో నిజం సగమే. తప్పు మనిషిదని తేల్చే ముందు ఆ వస్తువును ఎలా తయారు చేశారో, ఎక్కడ పెట్టారో చూడాలి. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ నార్మన్ 1988లో నిత్యం వాడే వస్తువుల రూపకల్పనపై ప్రచురించిన పుస్తకంలో ఈ విషయాన్నే వివరించారు. అందులోని కొన్ని సూత్రాలు మన పాల కేంద్రాలకూ వర్తిస్తాయి.

1. కనిపించాలి: తలుపుకు పిడి ఉంటే లాగుతాము, వట్టి పలక ఉంటే తోస్తాము. తోయవలసిన తలుపుకు పిడి బిగించి, పైన "తోయండి" అని రాయవలసి వచ్చిందంటే లోపం తలుపుదే. అలాగే కాటా అంకెలు కార్యదర్శి వైపే తిరిగి ఉంటే సభ్యునికి ఆ కాటా ఉన్నా లేనట్లే. పాలు పోయకముందు సున్నా, పోసిన తరువాత తూకం అతనికి కనిపించి తీరాలి.

2. జవాబు రావాలి: మీట నొక్కగానే పని జరిగినదీ లేనిదీ తెలియాలి. తెలియకపోతే మళ్ళీ నొక్కుతాము, ఒకే పాలు రెండుసార్లు నమోదు కావచ్చు. సభ్యునికి అందవలసిన జవాబు చీటీ. అందులో తేదీ, పూట, పరిమాణం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర, మొత్తం తెలుగులో ఉండాలి.

3. పొంతన ఉండాలి: రెండు బర్నర్ల గ్యాసు పొయ్యికి ఎడమ మీట ఎడమ బర్నరుది. ఎవరూ తడబడరు. నాలుగు బర్నర్లు చదరంగా ఉండి మీటలన్నీ ఒకే వరుసలో ఉంటే అలవాటైన చెయ్యి కూడా తప్పుతుంది. పాల పరీక్ష మిషను మీద ఆవు పాల మీట, గేదె పాల మీట ఒకేలా పక్కపక్కనే ఉంటే అదే చిక్కు. వేరు వేరు రంగుల కాగితాలు అంటిస్తే తేడా తెలుస్తుంది.

4. తప్పుకు తావు తగ్గాలి: మూడు పిన్నుల ప్లగ్గు ఒక్క విధంగానే దూరుతుంది. సభ్యుని నంబరు కొట్టగానే పేరు కనిపిస్తే పొరపాటు అక్కడే దొరుకుతుంది. దిద్దుకునే వీలు ఉండాలి, దిద్దినట్లు రికార్డులోనూ ఉండాలి.

పాలకవర్గాలకు మా మనవి: కొత్త మిషను కొనే ముందు కంపెనీ మనిషి చేసి చూపినది చాలదు. అతని చెయ్యి అలవాటైనది. కార్యదర్శి చేత వాడించండి. చదువు రాని వారితో సహా ఇద్దరు ముగ్గురు సభ్యులను పిలిచి, వారి తూకం, వెన్న శాతం ఎక్కడ ఉన్నాయో చూపమనండి. మీరు ఏమీ చెప్పకుండా గమనించండి. వారు ఆగిపోయిన చోటే సరిచేయవలసినది ఉన్నట్లు. ఇప్పటికే ఉన్న మిషను అయితే, అంకెలు సభ్యుల వైపు కూడా కనిపించేటట్లు ఏర్పాటు చేయండి, పైన ఒక దీపం పెట్టండి. ఇందుకు పెద్ద ఖర్చు కాదు. తన లెక్క తాను చూసుకోగలిగిన సభ్యుడు సంఘాన్ని నమ్ముతాడు.