కిలోకే కిలో తగ్గితే? పారిస్ లాకర్‌లోని ఆ ముద్దను అందుకే పక్కన పెట్టారు.. ఇక సెకను వంతు!

కిరాణా కొట్టులో కందిపప్పు తూకం మీద డౌట్ వస్తే ఏం చేస్తాం? పక్క కొట్టులో తూయిస్తాం. మరీ కోపమొస్తే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేస్తాం. మరి ఆ శాఖ దగ్గరున్న కిలో కరెక్టేనని చెప్పేదెవరు?

ఇలా పైకి వెళ్తూ ఉంటే ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వస్తుంది. అక్కడున్నది 57వ నంబర్ కిలో. అదీ కాపీనే! ఒరిజినల్ పారిస్ శివార్లలో ఉంది. ప్లాటినం, ఇరిడియం కలిపి చేసిన చిన్న ముద్ద. ఎత్తు 39 మిల్లీమీటర్లే. 1889 నుంచి ప్రపంచం మొత్తానికీ కిలో అంటే అదే. తీయాలంటే మూడు తాళాలు కావాలి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే.. కాపీలతో పోల్చి చూస్తే వందేళ్లలో సుమారు 50 మైక్రోగ్రాముల తేడా కనిపించింది. అంటే గ్రాములో 20 వేలో వంతు. ఒరిజినల్ తగ్గిందా, కాపీలు పెరిగాయా? తేల్చే దారే లేదు. ఎందుకంటే రూల్ ప్రకారం ఆ ముద్ద ఎంత ఉంటే అదే కిలో. అది అరిగితే మనమంతా బరువెక్కినట్టే లెక్క!

అందుకే 2018 నవంబర్ 16న వెర్సాయ్‌లో దేశాలన్నీ ఓటేసి ఆ ముద్దకు రిటైర్మెంట్ ఇచ్చేశాయి. 2019 మే 20 నుంచి కిలోకు ఆధారం ప్లాంక్ స్థిరాంకం. అది ప్రకృతిలో ఉన్న అంకె.. అరగదు, తుప్పు పట్టదు. కిబుల్ బ్యాలెన్స్ అనే మెషీన్‌లో బరువును కరెంటుతో పుట్టే బలంతో సరితూచి దీన్ని వాడతారు. కొట్లో కిలో పప్పు మాత్రం పప్పంతే ఉంది. ఏ తేడా లేదు.

ఇప్పుడు సెకను వంతు. 1967 నుంచి సీజియం పరమాణువు తాలూకు 919,26,31,770 కంపనాలకు పట్టే టైమే ఒక సెకను. కొత్తగా వచ్చిన ఆప్టికల్ గడియారాలు కాంతి కంపనాలను లెక్కపెడతాయి. అవి సీజియం కన్నా వేల రెట్లు వేగం. వీటిలో మేలైనవాటిని ఒక్క సెంటీమీటర్ పైకి ఎత్తినా గురుత్వాకర్షణ తేడా వల్ల టైమ్ మారినట్టు పట్టేస్తాయి. వినడానికి విచిత్రమే కానీ ఐన్‌స్టీన్ చెప్పింది ఇదే.

ఇంత సూక్ష్మం మనకెందుకు అనుకోవద్దు. ఫోన్‌లో మ్యాప్ నడిచేది శాటిలైట్ల గడియారాల మీదే. సెకనులో వంద కోట్లో వంతు తప్పినా దూరం లెక్కలో 30 సెంటీమీటర్ల తేడా వస్తుంది.

సెకనుకు కొత్త నిర్వచనం 2030లో తేవాలన్నది టార్గెట్. స్ట్రాన్షియమా, యిటర్బియమా, లేక కొన్నిటిని కలిపి తీసుకోవాలా అన్న దానిపైనే అసలు చర్చంతా.