కేంద్రకముల సంఘట్టనము – సాక్ష్యము పలుకు యంత్రములు

మంచుగడ్డను వేడిచేసినచో నీరగును. నీటిని వేడిచేసినచో ఆవిరి యగును. ఆవిరిని ఇంకను వేడిచేయుచు పోయినచో అణువులు విడిపోవును. పిమ్మట పరమాణువులనుండి ఎలక్ట్రానులు ఊడిపోవును. సూర్యగర్భములోని పదార్థము ఇట్టి స్థితిలో నున్నది. అచ్చటి ఉష్ణోగ్రత సుమారు కోటి ఏబది లక్షల డిగ్రీలు. ఆ వేడిమికి లక్షరెట్లు మించిన వేడిమి కలిగినచో పదార్థము ఏమగును?

ఇది వినోదమునకై వేసిన ప్రశ్న కాదు. విశ్వము ఆవిర్భవించిన తొలి సెకండును పదిలక్షల భాగములు చేసినచో, అందు మొదటి కొద్ది భాగముల కాలము సమస్త పదార్థమును అట్టి వేడిమిలోనే యుండెనని శాస్త్రజ్ఞుల నిర్ణయము. మన పొలములోని మట్టి, మన శరీరములోని రక్తము, ఆకాశమందలి నక్షత్రములు అన్నియు ఆ వేడిమి చల్లారిన పిమ్మట ఏర్పడినవే. కనుక ఆ ప్రశ్న మన పుట్టుపూర్వోత్తరములను గూర్చిన ప్రశ్నయే.

పరమాణువు నడుమ కేంద్రకము కలదు. కేంద్రకములో ప్రోటానులు, న్యూట్రానులు కలవు. వానిలో క్వార్కులను సూక్ష్మకణములును, ఆ క్వార్కులను బంధించియుంచు గ్లూఆనులును కలవు. సాధారణ పరిస్థితులలో క్వార్కు ఒంటరిగా బయటికి రాదు. కాని ఉష్ణోగ్రత 2 లక్షల కోట్ల డిగ్రీలకు చేరువయినప్పుడు ప్రోటాను, న్యూట్రానుల సరిహద్దులు కరగిపోవుననియు, క్వార్కులు, గ్లూఆనులు కలగలిసిన ఒక క్రొత్త పదార్థము ఏర్పడుననియు సిద్ధాంతము చెప్పుచున్నది. దానికి క్వార్కు గ్లూఆను ప్లాస్మా అని పేరు.

అంతటి వేడిమిని పుట్టించు పొయ్యి ఏదియు లేదు. మార్గ మొక్కటే. బరువైన కేంద్రకములను కాంతివేగమునకు అతి సమీపమైన వేగముతో ఎదురెదురుగా నడిపి ఢీకొట్టించవలెను. రెండు ప్రోటానులు మాత్రమే ఢీకొన్నచో పుట్టు వేడి ముద్ద మిక్కిలి చిన్నది. అది ఒక పదార్థమువలె ప్రవర్తించునంత పరిమాణము దానికి సులభముగా రాదు. అందువలన 79 ప్రోటానులు, 118 న్యూట్రానులు గల బంగారు కేంద్రకమునో, అంతకంటెను బరువైన సీసపు కేంద్రకమునో ఎన్నుకొందురు. ఎలక్ట్రానులు తొలగింపబడి విద్యుదావేశము గలిగిన ఇట్టి కేంద్రకములనే భార అయానులందురు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమునందలి బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో 3.8 కిలోమీటర్ల చుట్టుకొలత గల వలయమున 2000 సంవత్సరములో బంగారు కేంద్రకముల సంఘట్టనములు ప్రారంభమైనవి. జెనీవా సమీపమందలి సెర్న్ సంస్థలోని 27 కిలోమీటర్ల వలయమున 2010లో సీసపు కేంద్రకములను ఢీకొట్టించిరి.

ఇంతవరకు సులభముగానే తోచును. అసలు చిక్కు ఇకమీదట నున్నది. ఆ వేడి ముద్ద జీవితకాల మెంత? ఒకటి ప్రక్కన ఇరువదిమూడు సున్నలు చుట్టి, సెకండును అన్ని భాగములు చేసినచో, అందు కొద్ది భాగములు మాత్రమే. దానిని చూచిన కన్ను లేదు. చూడగల కన్ను ఉండబోదు. అది చల్లారి, చిట్లి, వేలకొలది కణములుగా నలుదిక్కులకు చిమ్మును. ఆ కణములు మాత్రమే మన చేతికి చిక్కును. జరిగిపోయిన దానిని గూర్చి ఈ మిగిలినవాని నోట సాక్ష్యము పలికించు యంత్రమునే డిటెక్టరు అందురు.

బ్రూక్‌హేవెన్ నందలి స్టార్ ప్రయోగములో ప్రధానమైన డిటెక్టరు పడుకోబెట్టిన పెద్ద పీపావంటిది. దాని పొడవు 4.2 మీటర్లు, వ్యాసము 4 మీటర్లు. ఇట్టి యంత్రమును మొదట ఊహించినవాడు డేవిడ్ నైగ్రెన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, సంవత్సరము 1974. పీపా నిండ ఆర్గాన్, మీథేన్ వాయువుల మిశ్రమ ముండును. ఆవేశము గల కణము ఆ వాయువుగుండ దూసుకొని పోవునప్పుడు త్రోవ పొడవునను వాయు పరమాణువులనుండి ఎలక్ట్రానులను ఊడగొట్టును. తడినేలపై బండి నడచినచో చక్రపు జాడ పడినట్లు ఎలక్ట్రానుల జాడ యొకటి ఏర్పడును. విద్యుత్‌క్షేత్రము ఆ జాడను చెదరనీయక పీపా చివరకు మెల్లగా త్రోసికొని పోవును. నడుమనుండి చివరకు 2.1 మీటర్ల దూరము పోవుటకు సుమారు 40 మైక్రోసెకండ్లు పట్టును. అనగా సెకండులో లక్ష భాగములలో నాలుగు. పీపా చివరలనున్న లక్షకుపైగా లోహపు పలకలు ఎచ్చట తాకినదో తెలుపును. తాకుటకు పట్టిన సమయము ఎంతదూరమునుండి వచ్చినదో తెలుపును. రెండును కలిపినచో కణము నడచిన త్రోవ మూడు కొలతలలో మన కండ్లముందు నిలుచును.

పీపా చుట్టు ఒక అయస్కాంతము కలదు. అందువలన కణముల త్రోవలు వంగును. మెల్లని కణము ఎక్కువగా వంగును. వడిగల కణము తక్కువగా వంగును. వంపును బట్టి కణము యొక్క ద్రవ్యవేగమును, జాడ యొక్క చిక్కదనమును బట్టి కణము యొక్క జాతిని నిర్ణయింతురు.

ఆవేశము లేని కణముల సంగతి ఏమి? ఫోటాను, అనగా కాంతికణము, వాయువులో జాడ వేయదు. దీనికి భారతీయ శాస్త్రజ్ఞులు చేసిన సేవ చెప్పుకొనదగినది. కలకత్తాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ కేంద్రము నాయకత్వమున, భువనేశ్వరము, చండీగఢ్, జయపురము, జమ్ము నగరములందలి విద్యాసంస్థలు కూడి ఫోటానులను లెక్కించు డిటెక్టరును నిర్మించినవి. అందలి ఉపాయము ఇది. తేనెపట్టువలె గదులు గల వాయు డిటెక్టరు ముందర ఒక సీసపు పలకను నిలుపుదురు. ఫోటాను ఆ సీసములో జొరబడి ఎలక్ట్రానుల జల్లుగా మారును. ఆ జల్లు ఒక్కసారిగా అనేక గదులను తడుపును. ప్రోటాను వంటి కణమో, చాలవరకు ఒక్క గదిని మాత్రమే తాకి పోవును. తడిసిన గదుల లెక్కను బట్టి వచ్చినది ఎవరో తెలియును. ఈ యంత్రము బ్రూక్‌హేవెన్‌లోను, సెర్న్ నందలి ఆలిస్ ప్రయోగములోను పనిచేసినది. ఆలిస్ యంత్రమునకు కావలసిన మానస్ అను ఎలక్ట్రానిక్ చిప్ కలకత్తాలోని సాహా సంస్థలో రూపొంది, చండీగఢ్ సమీపమున తయారైనది.

ఇక సిద్ధాంతము చేయు పని యేమి? డిటెక్టరు సాక్షి యైనచో, సిద్ధాంతము ప్రశ్న వేయు న్యాయవాది. ఏమి అడుగవలెనో తెలియనివానికి సాక్షి ఎంత చెప్పినను ఉపయోగము లేదు. ఒక ఉదాహరణము చూతము. రెండు కేంద్రకములు నిండుగా ఢీకొనక, ఒకదాని అంచు మరియొకదాని అంచుపై పడినచో, రెండును కలిసిన భాగము బాదంగింజ ఆకారములో నుండును. ఆ ముద్దలోని కణములు ఒకదానినొకటి పట్టించుకొనని పలుచని వాయువైనచో అన్ని దిక్కులకు సమానముగా చిమ్మవలెను. అది ద్రవమువలె ప్రవహించునదైనచో, బాదంగింజ సన్నముగా నున్న వైపున పీడనపు తగ్గుదల తీవ్రముగా నుండును గనుక, ఆ వైపున కణములు ఎక్కువగా చిమ్మవలెను. ఈ పరీక్షను 1992లో జాఁ ఈవ్ ఒలిత్రో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సూచించెను.

కొలిచి చూడగా దిక్కుల భేదము స్పష్టముగా కనబడినది. అదియు ఎక్కువగా కనబడినది. వాయువువంటి పదార్థము దొరకునని అనేకులు ఎదురుచూచుచుండగా, దొరకినది ద్రవము. అంతర్ఘర్షణ దాదాపు లేక జారిపోవు ద్రవము. తేనె మెల్లగా పారును, నీరు సులభముగా పారును. ఇది తన పరిమాణమునకు తగినట్లు లెక్కించినచో నీటికంటెను సులభముగా పారు ద్రవము. బ్రూక్‌హేవెన్ నందలి నాలుగు ప్రయోగబృందములును 2005లో ఈ సంగతిని లోకమునకు ప్రకటించినవి.

ఈ నిర్ణయము నమ్మదగినదేనా? ఇచ్చట గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు చిరపరిచితమైన ఒక విషయమును జ్ఞప్తిచేయుదుము. మిర్చి టిక్కీని ఎవరును కాయకాయగా పరీక్షింపరు. మచ్చు తీసి, ఆ గుప్పెడు కాయలలో రంగు, తేమ, తాలు చూచి, లాట్ మొత్తమునకు ధర కట్టుదురు. పత్తి సంగతియు అంతే. మచ్చు ఒకవైపునుండియే తీసినచో ధర తప్పును. కాటా మొగ్గు చూపినచో తూకము తప్పును. ఏడాది శ్రమ ఆ మచ్చు మీద, ఆ కాటా మీద ఆధారపడియుండును. కనుక కాటాను సరిచూచుటలోని విలువ మన రైతునకు ఒకరు నేర్పవలసినది కాదు.

భౌతికశాస్త్రజ్ఞుని పరిస్థితియు ఇదియే. డిటెక్టరులో ఒక పక్క పలకలు కొన్ని పనిచేయక నిలిచిపోయినవనుకొందము. ఆ వైపున కణములు తక్కువగా కనబడును. ఆ వైపు కణములు రాలేదో, వచ్చినను యంత్రము చూడలేదో తెలిసికొనక లెక్కకట్టినచో, లేని ప్రవాహము ఉన్నట్లు తోచును. క్రొత్త పదార్థమును కనుగొంటిమని చాటిన తరువాత అది చెడిపోయిన పలకల మాయయని తేలినచో ఎంత అప్రతిష్ఠ! అందుచేత వేలకొలది సంఘట్టనలను కలిపి, యంత్రము ఏ దిక్కునకు మొగ్గుచున్నదో ముందుగా లెక్కించి, ఆ మొగ్గును తీసివేయుదురు. పిమ్మట ఒకే సంఘట్టనము నుండి వచ్చిన కణములను రెండు సగములుగా విభజించి, ఏ సగమునకు ఆ సగము ప్రవాహదిశను విడివిడిగా చెప్పించుదురు. ఒకే బస్తాను రెండు కాటాలపై తూచినట్లన్నమాట. రెండింటి భేదమును బట్టి కొలతలో ఎంత అనిశ్చయ మున్నదో తెలియును.

మరియొక జాగ్రత్త కలదు. వాతావరణ పీడనము మారినచో వాయువులో ఎలక్ట్రానుల నడక వేగము మారును. తేమ చేరిన మిర్చి తూకము మారినట్లే. అందువలన లేసరు కిరణములను పీపాలోనికి పంపి, తెలిసిన త్రోవలను గీయించి, ఆ నడకను మరల మరల సరిచూతురు. ఇంకను, గణనయంత్రములో కల్పించిన కణముల గుర్తులను నిజమైన గుర్తులతో కలిపి, వానిలో ఎన్ని తిరిగి దొరకినవో చూతురు. నూరు వేసి ఎనుబది దొరకినచో, నిజముగా దొరకిన ప్రతి ఎనుబదిని నూరుగా లెక్కింపవలెను. తాను చూచినది చెప్పుటతో సాక్షి బాధ్యత తీరదు. తాను చూడలేకపోయినది ఎంతో గూడ చెప్పవలెను.

ఈ నియమము ఎంత కఠినమైనదో ఒక్క ఫలితము చాలును. 2011లో స్టార్ బృందము వారు ప్రతిపదార్థపు హీలియం కేంద్రకములను కనుగొంటిమని ప్రకటించిరి. రెండు ప్రతిప్రోటానులు, రెండు ప్రతిన్యూట్రానులు కూడినది అట్టి కేంద్రకము. సుమారు 100 కోట్ల సంఘట్టనలను వెదుకగా దొరకినవి 18 మాత్రమే. ఒక్కొక్క సంఘట్టనములో వందలకొలది జాడలు. జాతి నిర్ణయములో యంత్రము కోటికొక్కసారి పొరబడినను ఆ పదునెనిమిదికి విలువ యుండెడిది కాదు. అందుచే జాడ చిక్కదనమును ఒక డిటెక్టరుతోను, నడకకు పట్టిన కాలమును మరియొక డిటెక్టరుతోను కొలిచి, రెండును ఏకమైనప్పుడే అంగీకరించిరి.

ఈ విద్య ఆంధ్రులకు క్రొత్తది కాదు. పశ్చిమగోదావరి ప్రాంతమున గొరగనమూడి గ్రామములో 1896లో జన్మించిన స్వామి జ్ఞానానందులు సన్న్యాసియై యుండియు ఐరోపాకు వెళ్లి భౌతికశాస్త్రము నభ్యసించిరి. అత్యధిక శూన్యమును సాధించు పద్ధతులను గూర్చి ఆంగ్లమున ఒక గ్రంథమును రచించిరి. కేంద్రకములు వలయములో అడ్డములేక తిరుగుటకు కావలసినది అట్టి శూన్యమే. వారు 1950 దశకములో విశాఖపట్టణమునకు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతికశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పిరి. ఆ ప్రయోగశాలలకు వారి పేరే పెట్టబడినది. ఇక 2015లో తిరుపతిలో స్థాపింపబడిన భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ స్టార్ బృందములో సభ్యత్వము పొందినది. గుంటూరునుండి తిరుపతికి ఒక రాత్రి రైలు ప్రయాణము. నరసరావుపేటలోనో అద్దంకిలోనో భౌతికశాస్త్రము చదువుకొను బాలబాలికలకు ఈ పరిశోధన అందరాని చోట లేదని చెప్పుటకే ఈ మాట.

దీనివలన మిర్చి ధర పెరుగునా యని శ్రోత లెవరైన అడిగినచో, పెరుగదనియే మా సమాధానము. కాని కంటికి కానరాని దానిని గూర్చి నిజము చెప్పుట యెట్లు అను ప్రశ్న ప్రయోగశాలకు మాత్రమే పరిమితమైనది కాదు. ఎరువులో సారమెంత, విత్తనములో మొలక శక్తి యెంత, త్రాగునీటిలో ఫ్లోరైడు ఎంత అను ప్రశ్నలు మన జిల్లాలలో ప్రతిదినము వచ్చుచున్నవి. వానికి సమాధానము చెప్పువారిని మనము అడుగవలసినది ఒకటి కలదు: మీ కొలత ఎంత అనుటకు ముందు, మీ కొలమానమును దేనితో సరిచూచితిరి? ఈ ప్రశ్న నడుగుటకు పట్టము అక్కరలేదు. ఆ ప్రశ్నకు జంకని సమాధానమే శాస్త్రము.