మచ్చలన్నీ అమ్మవారు కాదు



పిల్లవాడికి జ్వరం వచ్చి, ఒంటిమీద ఎర్రమచ్చలు కనిపించాయనుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు వెంటనే ఏమంటారు? "అమ్మవారు పోసిందమ్మా, మందూ మాకూ వద్దు" అంటారు. గుమ్మానికి వేపమండలు కట్టేస్తారు. మా పక్కింటి ఆరేళ్ళ బాబు విషయంలో అచ్చం ఇలాగే జరిగింది. అయితే వాళ్ళమ్మ ఒకటి గమనించింది. మచ్చలు అరచేతుల్లోనూ అరికాళ్ళలోనూ కూడా ఉన్నాయి. వారం కిందట బాబు చెవి వెనకనుంచి కుక్క గోమారిని లాగేసిన సంగతీ జ్ఞాపకం వచ్చింది. ఆ రెండు ముక్కలూ డాక్టరుగారితో చెప్పింది. బాబు గండం గడిచి బయటపడ్డాడు.

గోమారి కాటువల్ల వచ్చే ఈ జ్వరాన్ని మనదేశంలో 'ఇండియన్ టిక్ టైఫస్' అంటారు. టైఫాయిడ్ అనుకునేరు, అది వేరు. దీనికి కారణం రికెట్సియా అనే సూక్ష్మక్రిమి. ఇలాంటి జ్వరమే గోమారివల్ల వస్తుందని 1906లో అమెరికాలోని మోంటానాలో రుజువు చేసిన హోవర్డ్ రికెట్స్ పేరే దానికి పెట్టారు. పాపం, ఆయన 1910లో మెక్సికోలో టైఫస్ మీద పరిశోధన చేస్తూ ఆ జబ్బుకే బలయ్యాడు.

మరి పోల్చుకోవడం ఎలా? తట్టు అయితే జలుబు, దగ్గు, కళ్ళెర్రబడటం ఉంటాయి. మచ్చలు ముఖాన మొదలై కిందికి దిగుతాయి. ఆటలమ్మ నీటిపొక్కులై దురద పెడుతుంది. గోమారి జ్వరంలో సాధారణంగా మూడు నాలుగు రోజులకు మణికట్ల దగ్గర, చీలమండల దగ్గర మచ్చలు మొదలై ఒళ్ళంతా పాకుతాయి. క్రిమి సన్నని రక్తనాళాల గోడలను దెబ్బతీస్తుంది. అదే మెదడులోనూ మూత్రపిండాల్లోనూ జరిగితే ప్రాణానికే ముప్పు.

దీనికి పెన్సిలిన్ పనిచేయదు. డాక్సీసైక్లిన్ చక్కగా పనిచేస్తుంది. పసిపిల్లలకు కూడా డాక్టర్లు ఇస్తారు. రక్తపరీక్ష తేలేదాకా ఆగకుండా అనుమానం మీదే మొదలుపెడతారు. అందుకే గోమారి కుట్టిన సంగతి మీరే ముందుగా చెప్పాలి. సొంతంగా మాత్రలు కొని వేయకండి.

గోమారి పట్టుకుంటే కిరసనాయిలు పోయడం, అగరొత్తితో కాల్చడం చేయవద్దు. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా తిన్నగా పైకి లాగండి. గోళ్ళతో చిదమకండి, దాని రసంలోనూ క్రిమి ఉండవచ్చు. సబ్బుతో చేతులు కడుక్కోండి. కుక్క ఒంటినే కాదు, అది పడుకునే మూలనూ గోడ పగుళ్ళనూ చూడండి. గోమారి వేలకొద్దీ గుడ్లు పెట్టేది అక్కడే.

వేపమండలు కట్టవద్దని నేననను. కట్టిన చేత్తోనే బిడ్డను ఎత్తుకుని డాక్టరు దగ్గరికి నడవండి. సెలవు.