ఇంటర్న్‌షిప్: స్టీల్‌ప్లాంట్ గేటు దాటాలంటే ముందు కాలేజీ లెటర్ కావాలి.. విశాఖ విద్యార్థులు ఎక్కడ, ఎప్పుడు, ఎలా అప్లై చేయాలి?

ఒకవైపు ఉక్కు కర్మాగారం, ఇంకోవైపు పోర్టు. మధ్యలో రిఫైనరీ, షిప్‌యార్డు, ఫార్మా సిటీ, ఐటీ కొండలు.. ఇన్ని ఉన్న ఊళ్లో చదువుతూ కూడా సెలవులు వచ్చేసరికి ‘ఇంటర్న్‌షిప్ దొరకలేదు’ అంటూ ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ కొనుక్కునే విద్యార్థులు ఉన్నారు. అవకాశం లేక కాదు.. ఏ గేటు ఎవరికి తెరుస్తారు, ఎప్పుడు అడగాలి, ఏ కాగితం చూపించాలి అన్నది తెలియకే చాలాసార్లు ఈ సమస్య. ఆ వివరాలన్నీ ఇక్కడ చూద్దాం..

అసలు ఇంత హడావుడి ఎందుకు?

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ ఇప్పుడు ఇష్టం ఉంటే చేసేది కాదు. మూడేళ్ల డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను రాష్ట్ర ప్రభుత్వం 2020లో తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది తర్వాత రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్, రెండో ఏడాది తర్వాత రెండు నెలల స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం.. అలా ఆ 10 నెలలను విడగొట్టారు. ఆ తర్వాత కోర్సుల నిర్మాణం మారింది కాబట్టి తమ బ్యాచ్‌కు ఎన్ని వారాలు, ఎన్ని క్రెడిట్లు అన్నది ముందుగా కాలేజీలోనే అడిగి రాసుకోవాలి. ఇంజినీరింగ్ వాళ్లకూ ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు ఉన్నాయి.

ఇబ్బంది ఎక్కడొస్తోందంటే, క్రెడిట్లకు సర్టిఫికెట్ చాలు. కానీ ఉద్యోగం ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ చూసి వదిలేయరు. ‘ఆ రెండు నెలలు ఏం చేశావు?’ అని అడుగుతారు. కొన్న కాగితం దగ్గర ఆ ప్రశ్నకు జవాబు ఉండదు.

పేర్లు మూడు.. రూల్స్ వేరు వేరు

విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఇంటర్న్‌షిప్, అప్రెంటిస్‌షిప్, పీఎం ఇంటర్న్‌షిప్ స్కీమ్.. ఈ మూడూ ఒకటే అనుకుని అప్లై చేసి తిరస్కరణకు గురవుతుంటారు.

మొదటిది, చదువుతూ ఉండగా చేసే ఇంటర్న్‌షిప్. పెద్ద కర్మాగారాల్లో దీన్నే ‘ప్రాజెక్ట్ వర్క్’, ‘ఇండస్ట్రియల్ ట్రైనింగ్’ అని కూడా అంటారు. కాలేజీ సిఫార్సు లేఖతో వెళ్లాలి. రెండు వారాల నుంచి ఆరు నెలల వరకు ఉండొచ్చు. కనీసం ఇంత స్టైపెండ్ ఇవ్వాలనే చట్టం దీనికి లేదు. సంస్థ ఇస్తే ఇచ్చినట్టు, లేదంటే లేనట్టు.

రెండోది అప్రెంటిస్‌షిప్. దీనికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది. ప్రధానంగా ఇది చదువు పూర్తయిన వాళ్లకు. ఇంజినీరింగ్, డిప్లొమా, డిగ్రీ పాసైనవాళ్లు కేంద్ర విద్యాశాఖ పరిధిలోని ‘నాట్స్’ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. శిక్షణ సాధారణంగా ఏడాది. 2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌కు నెలకు కనీసం రూ.9,000, డిప్లొమా వాళ్లకు రూ.8,000 అని పెట్టారు. విశాఖ స్టీల్‌ప్లాంట్‌ను నడిపే ఆర్‌ఐఎన్‌ఎల్ ఈ రెండు కేటగిరీల్లో అప్రెంటిస్ నోటిఫికేషన్లు ఇస్తూ వచ్చింది. ఐటీఐ చేసినవాళ్ల కోసం నేవల్ డాక్‌యార్డులో ప్రత్యేకంగా అప్రెంటిస్ స్కూలే ఉంది.

మూడోది పీఎం ఇంటర్న్‌షిప్ స్కీమ్. 2024 జులై బడ్జెట్‌లో ప్రకటించారు. అదే ఏడాది అక్టోబరులో పైలట్‌గా మొదలైంది. ఐదేళ్లలో కోటి మందికి టాప్ 500 కంపెనీల్లో 12 నెలల శిక్షణ ఇవ్వాలన్నది లక్ష్యం. పైలట్‌లో నెలకు రూ.5,000, చేరినప్పుడు ఒకేసారి రూ.6,000 అని పెట్టారు. వినడానికి బాగానే ఉంది. కానీ పైలట్ నిబంధనల్లో ఒక మెలిక ఉంది. వయసు 21 నుంచి 24 ఏళ్ల మధ్య ఉండాలి, రెగ్యులర్‌గా ఫుల్‌టైమ్ చదువుతూ ఉండకూడదు. ఇంట్లో ఎవరి వార్షికాదాయమూ రూ.8 లక్షలు దాటకూడదు, ప్రభుత్వ ఉద్యోగీ ఉండకూడదు. అంటే బీటెక్ మూడో ఏడాది విద్యార్థి ఈ స్కీమ్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే వేసవి కాస్తా అయిపోతుంది. విడత విడతకూ నిబంధనలు మారే వీలుంది కాబట్టి దరఖాస్తు ముందు పోర్టల్‌లో తాజా అర్హతలు చూసుకోవాలి.

చదువుతున్నవాళ్లు కాలేజీ లెటర్‌తో ఇంటర్న్‌షిప్‌కు వెళ్లడం, పాసైనవాళ్లు నాట్స్ లేదా పీఎం స్కీమ్ చూసుకోవడం.. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం టైమ్ మిగులుతుంది.

విశాఖలో ఎవరు ఎక్కడ అడగాలి?

మెటలర్జీ, మెకానికల్, ఎలక్ట్రికల్: మొదట గుర్తొచ్చేది స్టీల్‌ప్లాంటే. ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే సాధించుకున్న ప్లాంటు ఇది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేస్‌లు, కోక్ ఓవెన్లు, రోలింగ్ మిల్లులు, సొంత పవర్ ప్లాంటు.. పుస్తకంలో బొమ్మగా చూసినవన్నీ ఒకే ప్రాంగణంలో కనిపిస్తాయి. విద్యార్థుల శిక్షణను ఇక్కడ లెర్నింగ్ అండ్ డెవలప్‌మెంట్ సెంటర్ చూస్తుంది. అయితే ప్లాంటు ఆర్థిక ఇబ్బందుల్లో ఉంది. 2021 జనవరిలో వంద శాతం వాటా విక్రయానికి నిర్ణయం, 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ.. ఈ పరిస్థితుల్లో ప్రతి ఏడాదీ ఒకే సంఖ్యలో అవకాశాలు ఉంటాయని లెక్క వేసుకోకూడదు. మల్కాపురం వైపు హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, 1941లో పుట్టిన హిందుస్థాన్ షిప్‌యార్డు, పరవాడలో ఎన్‌టీపీసీ సింహాద్రి కూడా లిస్టులో ఉండాలి.

బీకాం, బీబీఏ: పోర్టు అంటే ఇంజినీర్లకే అనుకోవడం పొరపాటు. 1933లో మొదలైన విశాఖ పోర్టు చుట్టూ కస్టమ్స్ బ్రోకర్లు, షిప్పింగ్ ఏజెంట్లు, ఫ్రైట్ ఫార్వర్డర్లు, స్టీవ్‌డోర్ కంపెనీలు ఉన్నాయి. బిల్ ఆఫ్ లేడింగ్ అంటే ఏంటి, బిల్ ఆఫ్ ఎంట్రీ ఎలా ఫైల్ చేస్తారు, సరుకు ఆలస్యమైతే డెమరేజ్ ఎవరి నెత్తిన పడుతుంది.. ఇవన్నీ అక్కడ రెండు నెలలు కూర్చుంటే తెలిసిపోతాయి. ఇలాంటి ఆఫీసులు ఇంటర్న్‌షిప్ ప్రకటనలు ఇవ్వడం తక్కువ. కాలేజీ లెటర్‌తో నేరుగా వెళ్లి అడగాల్సిందే. చార్టర్డ్ అకౌంటెంట్ల ఆఫీసులూ అంతే.

కెమిస్ట్రీ, ఫార్మసీ: పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్‌లోని కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ ల్యాబులు ఉంటాయి. ప్రొడక్షన్ కంటే ల్యాబ్‌లో అవకాశం అడగడం విద్యార్థులకు మేలు.

జువాలజీ, మెరైన్ బయాలజీ: సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ, సముద్ర విజ్ఞాన సంస్థ ఎన్‌ఐవో రెండింటికీ విశాఖలో ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. ఇక్కడ విభాగానికి కాకుండా ఫలానా అంశంపై పనిచేస్తున్న శాస్త్రవేత్తకు నేరుగా మెయిల్ పెడితే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.

కంప్యూటర్స్: రుషికొండ, మధురవాడ ఐటీ కంపెనీలు సరే. కానీ ఆటోనగర్‌లోని చిన్న పరిశ్రమలకూ స్టాక్ లెక్కలు, బిల్లింగ్, మెషిన్ మెయింటెనెన్స్ రికార్డులు కావాలి. పెద్ద కంపెనీలో వందమందిలో ఒకరిగా వీడియోలు చూడటం కంటే, చిన్న యూనిట్‌లో వాళ్లు రోజూ వాడే ఒక్క టూల్ తయారు చేసి ఇవ్వడం రెజ్యూమేలో ఎక్కువ బరువు తూగుతుంది.

ఎప్పుడు అడగాలి? ఏం పట్టుకెళ్లాలి?

మే నెలలో చేరాలంటే మేలో తిరిగితే కుదరదు. పెద్ద సంస్థల్లో ఫైలు కదలడానికే వారాలు పడుతుంది. ఫిబ్రవరి, మార్చిలోనే దరఖాస్తు వెళ్లిపోవాలి. సెక్యూరిటీ పాస్ అవసరమైన చోట ఇంకా ముందే మొదలుపెట్టాలి.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి ఇవీ..

ప్రిన్సిపల్ లేదా ప్లేస్‌మెంట్ ఆఫీసర్ సంతకంతో లెటర్‌హెడ్ మీద సిఫార్సు లేఖ. అందులో విద్యార్థి పేరు, రోల్ నంబరు, బ్రాంచి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది స్పష్టంగా ఉండాలి. ‘వేసవి సెలవుల్లో’ అని రాస్తే తిరిగి పంపేస్తారు. దీంతోపాటు కాలేజీ ఐడీ, ఆధార్, ఫొటోలు, మార్కుల మెమోలు. కర్మాగారాల్లో అయితే ప్రమాద బీమా కాపీ, తల్లిదండ్రుల అంగీకార పత్రం కూడా అడగొచ్చు.

రెజ్యూమే ఒక్క పేజీ చాలు. ‘కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను’ అనేది అందరూ రాసేదే. దాని బదులు చేసిన పని రాయాలి. మినీ ప్రాజెక్టులో మోటార్ వేడెక్కడం మీద రీడింగులు తీశారా? ఊళ్లో షాపుకు బిల్లింగ్ షీట్ తయారు చేశారా? అది రాయండి.

మెయిల్ కూడా అంతే. సబ్జెక్ట్ లైన్‌లోనే కోర్సు, సంవత్సరం, కాలేజీ, తేదీలు ఉండాలి. లోపల ఐదారు లైన్లు. ఎవరు, ఏ విభాగంలో, ఎందుకు అక్కడే, ఎన్ని వారాలు, జతచేసిన కాగితాలు ఏవి. ఒకే మెయిల్‌ను ఇరవై కంపెనీలకు కలిపి పంపితే అది ఎవరికీ రాసినట్టు కాదు. వారం పది రోజులకు జవాబు రాకపోతే ఒకసారి మర్యాదగా గుర్తుచేయడంలో తప్పు లేదు.

ఇవి నడుస్తుండగానే ఏఐసీటీఈ ఇంటర్న్‌షిప్ పోర్టల్‌లో అకౌంట్ తెరిచి పెట్టుకోవాలి. కాలేజీ సీనియర్లను అడగడం మర్చిపోవద్దు. ప్లాంటులో ఏ విభాగం విద్యార్థులకు పని నేర్పిస్తుందో, ఏ విభాగం లైబ్రరీలో కూర్చోబెడుతుందో వాళ్లకే బాగా తెలుసు.

డబ్బులు కట్టమంటే..?

ఇక్కడ కాస్త జాగ్రత్తగా చూడాలి. ఫీజు ఉన్న ప్రతిదీ మోసం కాదు. కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు విద్యార్థుల శిక్షణకు ఫీజు తీసుకుంటాయి. ఆ మొత్తం ఎంతో బయటకు ప్రకటిస్తాయి, సంస్థ ఖాతాకే కట్టించుకుంటాయి, రసీదు ఇస్తాయి. ఉద్యోగం ఇస్తామని మాత్రం చెప్పవు.

దీనికి రివర్స్‌లో ఉంటే అనుమానించాల్సిందే. వ్యక్తిగత ఫోన్ నంబరుకు యూపీఐ చేయమనడం, ‘సీటు బ్లాక్ అవుతుంది, ఈ రాత్రికే కట్టాలి’ అని తొందరపెట్టడం, వాట్సాప్‌లోనే ఆఫర్ లెటర్ రావడం, ‘పోర్టులో మనవాళ్లు ఉన్నారు, తర్వాత పర్మినెంట్ చేయిస్తాం’ అనడం.. వీటిలో ఏది కనిపించినా ఆగిపోవాలి. ఆఫర్ లెటర్ మీద ఉన్న నంబరుకు కాదు, సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగాలి. పీఎం ఇంటర్న్‌షిప్ స్కీమ్‌కు దరఖాస్తు పూర్తిగా ఉచితం. ఇప్పటికే డబ్బు పోగొట్టుకుని ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి. సిగ్గుపడి దాచేకొద్దీ డబ్బు వెనక్కి వచ్చే అవకాశం తగ్గిపోతుంది.

చేరాక ఏం చేయాలి?

మొదటి రోజు సేఫ్టీ క్లాస్‌ను ఎగ్గొట్టొద్దు. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా కంపెనీలో జరిగిన ప్రమాదం 17 మందిని బలి తీసుకుంది. హెల్మెట్, సేఫ్టీ బూట్లు లేకుండా, గైడ్ తోడు లేకుండా షాప్ ఫ్లోర్‌లోకి వెళ్లమంటే ‘వెళ్లను’ అని చెప్పే హక్కు ఇంటర్న్‌కు ఉంటుంది. అలా చెప్పినందుకు సర్టిఫికెట్ ఆగిపోతుందేమోనని భయపడకుండా కాలేజీ గైడ్‌కు వెంటనే తెలియజేయాలి.

అమ్మాయిలు, వాళ్ల తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం పర్మినెంట్ ఉద్యోగులకు మాత్రమే కాదు.. ట్రైనీలు, అప్రెంటిస్‌లు కూడా దాని కిందకు వస్తారు. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. ఆ కమిటీలో ఎవరున్నారో చేరిన రోజే అడగొచ్చు. షిఫ్ట్ టైమింగ్స్, తిరుగు ప్రయాణం సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి.

ఇక రోజూ సాయంత్రం పది నిమిషాలు డైరీ రాయాలి. ‘ఈరోజు కన్వేయర్ చూశాం’ అని కాదు. కన్వేయర్ ఎందుకు ఆగింది, ఎంతసేపు ఆగింది, ఎవరు ఏం చేస్తే మళ్లీ నడిచింది.. అలా రాయాలి. సంస్థ రహస్య సమాచారం, ఫొటోలు మాత్రం బయట పెట్టకూడదు. పోర్టు, డాక్‌యార్డు లాంటి చోట్ల ఫోన్‌లో ఫొటో తీయడమే పెద్ద సమస్య అవుతుంది. చివరి వారంలో గైడ్‌కు రిపోర్టు చూపించి, తప్పులు దిద్దించుకుని, సర్టిఫికెట్‌లో పేరు, తేదీలు, విభాగం సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవాలి. ఇంటికొచ్చాక స్పెల్లింగ్ తప్పు కనిపిస్తే మళ్లీ గేటు పాస్ తీసుకుని లోపలికి వెళ్లాల్సి వస్తుంది.

ఈ వారమే మొదలుపెట్టాలనుకుంటే మూడు పనులు చాలు. తమ బ్యాచ్‌కు ఎన్ని వారాల ఇంటర్న్‌షిప్ కావాలో కాలేజీలో కనుక్కోవడం. తేదీలతో సిఫార్సు లేఖకు దరఖాస్తు పెట్టడం. ఇంటికి బస్సులో వెళ్లి రాగల దూరంలో ఉన్న ఐదు సంస్థల పేర్లు రాసుకుని, ఒక్కోదానికి విడివిడిగా మెయిల్ పంపడం. ఐదింటిలో నాలుగు కుదరకపోయినా ఫర్వాలేదు.. కావాల్సింది ఒక్కటే కదా.