టీకాస్‌కు దొంగ జవాబు అందితే

2002 జులై 1 రాత్రి జర్మనీలోని ఉబర్‌లింగెన్ మీదుగా రెండు విమానాలు ఒకే ఎత్తులో వస్తున్నాయి. రష్యా ప్రయాణికుల విమానంలో, విమానాలు ఢీకొనకుండా పైలట్లకు ఆదేశాలిచ్చే టీకాస్ యంత్రం పైకి వెళ్లమంది. కింది నుంచి కంట్రోలర్ దిగమన్నాడు. పైలట్లు కంట్రోలర్ మాట విన్నారు. అడ్డంగా వస్తున్న సరుకు విమానానికి కూడా దాని టీకాస్ దిగమనే చెప్పింది. రెండూ దిగుతూనే ఢీకొన్నాయి. 71 మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది పిల్లలే.

ఆ తర్వాత నియమం గట్టిపడింది: కంట్రోలర్ ఏం చెప్పినా సరే, టీకాస్ ఆదేశాన్నే పాటించాలి. రెండు విమానాలు ఢీకొని 349 మందిని బలిగొన్న 1996 నాటి చర్ఖీ దాద్రీ ప్రమాదం తర్వాత మన దేశమూ ఈ యంత్రాన్ని తప్పనిసరి చేసింది.

మరి టీకాస్ ఎవరిని నమ్ముతుంది? అది 1030 మెగాహెర్ట్జ్‌పై ప్రశ్న పంపుతుంది. పక్క విమానంలోని ట్రాన్స్‌పాండర్ 1090పై జవాబిస్తూ తన ఎత్తు చెబుతుంది. జవాబుకు పట్టిన సమయాన్ని బట్టి టీకాస్ దూరం లెక్కగడుతుంది. జవాబిచ్చింది నిజంగా విమానమేనా అని చూసే ఏర్పాటు ఇందులో లేదు.

అలాగని మోసం తేలిక కాదు. ప్రశ్న అందిన 128 మైక్రోసెకన్లకు ట్రాన్స్‌పాండర్ జవాబివ్వాలి. రేడియో తరంగం కిలోమీటరు దాటడానికి మూడు మైక్రోసెకన్ల పైచిలుకు పడుతుంది. విమానానికి ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న దుండగుడు, లేని విమానాన్ని కిలోమీటరు దూరంలో ఉన్నట్టు చూపాలంటే, రానూపోనూ కలిపి దాదాపు 27 మైక్రోసెకన్లు ముందే జవాబు పంపాలి. మామూలుగా దొరికే పరికరాలతో ఇది కుదరదనుకున్నారు. పరిశోధకులు ప్రయోగశాలలో చేసి చూపించారు.

2025 జనవరిలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా రెండు లోపాలను ప్రకటించింది. మొదటిది ఈ దొంగ జవాబు. రెండోది, పాత ప్రమాణాల ట్రాన్స్‌పాండర్లున్న చోట నేల మీది కేంద్రంలా నటించి టీకాస్ ఆదేశాలనే ఆపేయడం. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే, ఎందుకంటే నిజమైన ప్రమాదం ఎదురైనప్పుడు ఆఖరి రక్షణ ఉండదు. ప్రయోగశాల బయట ఇవి జరిగే అవకాశం తక్కువని సీసా చెప్పిన మాటా నిజమే.

కానీ 2025 మార్చి 1న వాషింగ్టన్ రీగన్ విమానాశ్రయంలో దిగబోతున్న విమానాలకు లేని విమానాల హెచ్చరికలు వచ్చాయి. కొన్ని దిగకుండా మళ్లీ పైకి లేచాయి. అది హ్యాకర్ల పని కాదు. డ్రోన్లను అడ్డుకునే పరికరాల ప్రభుత్వ పరీక్షలే కారణమని సెనేటర్ టెడ్ క్రూజ్ వెల్లడించారు.

టీకాస్‌ను అనుమానించమని పైలట్లకు చెప్పలేం. ఆదేశం వచ్చాక స్పందించడానికి వాళ్లకు ఉండేది ఐదు సెకన్లు. రెండో లోపానికి కొత్త ట్రాన్స్‌పాండర్లు, ఏకాస్-ఎక్స్ అనే తర్వాతి తరం యంత్రం ఉన్నాయి. విమాన సంస్థలు వాటిని త్వరగా బిగించాలి. మొదటిదానికి మాత్రం పరిష్కారం లేదని సీసాయే 2025 నాటి ఆ ప్రకటనలో రాసింది.