ఆరు అంకె కింద ఉన్న 'టి'

పాత చేతివాచీ బేరమాడేటప్పుడు మన చూపు ముందు కంపెనీ పేరు మీదికి పోతుంది. తర్వాత ముళ్లు చూస్తాం, గాజు మీద గీతలు చూస్తాం, కీ తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటాం. డయల్ అట్టడుగున, ఆరు అంకె కింద, అంచుకు ఆనుకుని అచ్చువేసిన సన్నటి అక్షరాల జోలికి పోయేవాళ్లు తక్కువ. వాటిని చదవాలంటే భూతద్దం కావాలి. కొన్ని వాచీల్లో 'స్విస్ మేడ్' అన్న మాటలకు అటూ ఇటూ ఇంగ్లిషు 'టి' అక్షరాలు కాపలా ఉంటాయి. కొన్నింట్లో 'టి' పక్కన 'కంటే తక్కువ' అని చెప్పే లెక్కల గుర్తు, దాని పక్కన 25 ఉంటాయి. సైన్యం వాడిన కొన్ని వాచీల్లో డయల్ మధ్యలోనే చిన్న సున్నా గీసి అందులో 'టి' రాసి ఉంటుంది. ఆ డయల్ చీకట్లో దేనితో వెలిగేదో కొనేవాళ్లకు తెలియాలని పెట్టిన గుర్తులు ఇవి. ఈ సంగతి చెప్పి తీరాలన్న జ్ఞానం ఊరికే రాలేదు, ఆడపిల్లల ప్రాణాలు పోయాక వచ్చింది.

మేరీ, పియరీ క్యూరీ దంపతులు రేడియంను కనిపెట్టింది 1898లో. రేడియం నుంచి నిరంతరం ఆల్ఫా కణాలు దూసుకువస్తుంటాయి. అవి జింక్ సల్ఫైడ్ స్ఫటికాలను తాకినప్పుడల్లా చిన్న మెరుపు పుడుతుంది. రవ్వంత రేడియంను జింక్ సల్ఫైడ్ పొడితో, జిగురుతో కలిపితే ఎండలో పెట్టకపోయినా రాత్రంతా వెలిగే రంగు తయారవుతుంది. మొదటి ప్రపంచయుద్ధం ఈ రంగుకు గిరాకీ తెచ్చింది. కందకాల్లో ఉన్న సైనికుడు అగ్గిపుల్ల గీస్తే శత్రువు తుపాకీకి గురి దొరుకుతుంది. జేబుగడియారం తీసి చూసే వీలు లేదు. అందుకే గడియారం మణికట్టు మీదికి చేరింది, దాని అంకెలు వెలగాల్సి వచ్చింది.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం ఆరెంజ్ పట్టణంలో యునైటెడ్ స్టేట్స్ రేడియం కార్పొరేషన్ కర్మాగారం ఉండేది. అక్కడ డయళ్లకు రంగు వేసిందంతా యువతులే, కొందరు ఇంకా పదహారు నిండని పిల్లలు. ఎన్ని డయళ్లు పూర్తిచేస్తే అంత కూలి. అంకె సన్నగా రావాలంటే కుంచె మొన సూదిలా ఉండాలి. పెదాల మధ్య పెట్టి మొన తీయండి, రంగులో ముంచండి, వేయండి అని నేర్పారు. ఒక్కో డయల్‌కు పలుమార్లు కుంచె నోట్లోకి వెళ్లేది. అదే సంస్థలో రసాయన శాస్త్రవేత్తలు సీసపు తెరల వెనక నిలబడి, పటకార్లతో రేడియంను పట్టుకునేవారు. ఈ రెండు దృశ్యాలు ఒకే కప్పు కింద జరిగాయన్నది తలచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

శరీరానికి రేడియం కాల్షియంలా కనిపిస్తుంది, అందుకని తీసుకెళ్లి ఎముకల్లో దాచుకుంటుంది. అక్కడి నుంచి దాని ఆల్ఫా కణాలు లోపలి మూలుగను ఏళ్ల తరబడి కొడుతూనే ఉంటాయి. ముందు పళ్లు ఊడాయి, తర్వాత దవడ ఎముకలు కుళ్లాయి, రక్తహీనత వచ్చింది, ఎముకల్లో కంతులు లేచాయి. 1925లో హారిసన్ మార్ట్‌లాండ్ అనే వైద్యుడు ఈ స్త్రీల శరీరాల్లో రేడియోధార్మికత ఉందని కొలిచి నిరూపించాడు. 1927లో అక్కడ డయళ్లకు రంగు వేసిన గ్రేస్ ఫ్రయర్, మరో నలుగురు కంపెనీ మీద దావా వేశారు. కోర్టుకు వచ్చేసరికి కొందరు ప్రమాణానికి చెయ్యి కూడా ఎత్తలేని స్థితిలో ఉన్నారు. 1928 జూన్‌లో రాజీ కుదిరింది. మనిషికి పదివేల డాలర్లు, ఏటా 600 డాలర్ల పింఛను, వైద్యఖర్చులు. ఈ రంగును రూపొందించిన సాబిన్ ఫాన్ సొకోకీ కూడా అదే ఏడాది నవంబరులో రేడియం తెచ్చిన రక్తహీనతతోనే చనిపోయాడు.

ఇంత జరిగినా రేడియం డయళ్లు ఆగలేదు. కుంచెను నోట్లో పెట్టే అలవాటు పోయింది కాని, రంగు మాత్రం 1960ల దాకా వాచీల మీద ఉంది. ఆ కాలపు డయళ్ల కింద చాలావాటిలో 'స్విస్' అనో 'స్విస్ మేడ్' అనో మాత్రమే కనిపిస్తుంది, లోపలి పదార్థం ఊసు ఉండదు. పాతవి కొనేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఈ మౌనం గురించే. 1940 నాటి వాచీ ఇప్పుడు చీకట్లో వెలగదు, అందుకని అందులో రేడియం అయిపోయిందనుకుంటారు. అయిపోయింది జింక్ సల్ఫైడ్ సత్తువ. దశాబ్దాలపాటు దెబ్బలు తిన్న ఆ స్ఫటికాలు ఇక మెరవలేవు. రేడియం సగానికి తగ్గాలంటే సుమారు 1,600 ఏళ్లు పడుతుంది. అంటే ఆ డయల్ మీద పూసిన రేడియంలో నూటికి 96 పాళ్లు నేటికీ అక్కడే ఉంది. ముళ్లు ఏళ్ల తరబడి ఒకేచోట ఆగిపోయిన వాచీల్లో వాటి కింద డయల్ మీద గోధుమరంగు నీడ పడి ఉంటుంది, అది రేడియం కాల్చిన మచ్చ.

1960ల మొదట్లో ట్రిటియం వచ్చింది. హైడ్రోజన్ కుటుంబంలోని బరువైన తోబుట్టువు ఇది. దీని నుంచి వచ్చే బీటా కణాలు ఎంత బలహీనమంటే వాచీ గాజును దాటలేవు, మన చర్మాన్నీ దాటలేవు. ఇది వాడినట్టు తెలియడానికే డయల్ అడుగున 'టి' వేయడం మొదలుపెట్టారు. 'టి, కంటే తక్కువ, 25' అంటే అందులోని ట్రిటియం 25 మిల్లీక్యూరీలకు లోపు అని. అమెరికా సైన్యం వాచీల్లో 'హెచ్ 3' అన్న రాత, పక్కన మూడు రెక్కల రేడియేషన్ గుర్తు కనిపిస్తాయి, వాటి అర్థం కూడా ట్రిటియమే. అది పన్నెండేళ్ల చిల్లరలో సగమైపోతుంది. 1965లో వెలిగిన వాచీలో ఇప్పుడు మిగిలింది నూటికి మూడు పాళ్లు. అందుకే అసలైన ట్రిటియం డయల్ చుక్కలు మీగడరంగుకో, ముదిరితే తేనెరంగుకో తిరిగి, దాదాపు చల్లారిపోయి ఉంటాయి.

1998 ప్రాంతంలో స్విస్ కంపెనీలు ట్రిటియంను వదిలి, జపాన్‌లో నెమోటో సంస్థ 1993లో తెచ్చిన స్ట్రాన్షియం అల్యూమినేట్ రంగు వైపు మళ్లాయి. ఇందులో రేడియోధార్మికత లేదు, వెలుతురును పీల్చుకుని గంటల తరబడి తిరిగి ఇస్తుంది. 'టి' అక్షరాల అవసరం తీరిపోయి మళ్లీ ఉత్త 'స్విస్ మేడ్' మిగిలింది. మారే కాలంలో కొన్ని రోలెక్స్ డయళ్ల మీద 'స్విస్' అన్న ఒక్కమాటే అచ్చయింది. ఆ ఒక్కమాట 1950ల డయల్ మీద ఉంటే రేడియం, 1998 నాటి దాని మీద ఉంటే నిరపాయమైన రంగు. కాబట్టి కేవలం రాతను చూసి తీర్పు చెప్పకూడదు, వాచీ వయసుతో కలిపి చదవాలి.

ఈ చదువు తెలియక మంచి వాచీని నకిలీ అని వదిలేసుకున్నవాళ్లు ఉన్నారు. బ్రిటన్ వైమానిక దళం కోసం ఐడబ్ల్యూసీ కంపెనీ 1940ల చివర్లో చేసిన మార్క్ 11 వాచీని తీసుకోండి. ప్రభుత్వ సొత్తు అని చెప్పే బాణం గుర్తు పక్కనే చాలావాటిలో సున్నాలో 'టి' ఉంటుంది. 1940ల వాచీకి 1960ల ట్రిటియం గుర్తు ఏమిటని అనుమానం రావడం సహజమే. అక్కడ జరిగిందేమంటే, 1960ల తొలినాళ్లలో సైన్యమే రేడియం తీయించి ట్రిటియం వేయించి, గుర్తుగా ఆ 'టి' రాయించింది. అది ఆ వాచీ సర్వీసు చరిత్ర. అదే గుర్తు సైన్యం గడప తొక్కని వాచీ మీద కనిపిస్తే మాత్రం గట్టిగా నిలదీయాలి. పేరు పక్కన కనిపించే ప్రతి అక్షరమూ వెలుగుకు సంబంధించింది కాదు కూడా. 1970ల వాచీల్లో 'స్విస్ మేడ్'కు అటూ ఇటూ గ్రీకు సిగ్మా ఉంటే, అంకెల గుర్తులూ ముళ్లూ బంగారంతో చేసినవని అర్థం.

మన దగ్గరి సమస్య వేరు. ముంబై నుంచి వచ్చే పాత వాచీల్లో మళ్లీ రంగు వేసి అచ్చుకొట్టిన డయళ్లు చాలా ఎక్కువ. ఫేవర్ లూబా, వెస్టెండ్, మన హెచ్ఎంటీ పైలట్ ఏదీ దీనికి మినహాయింపు కాదు. అసలెప్పుడూ తయారుకాని రంగుల్లో, కంపెనీ ఎన్నడూ రాయని మాటలతో డయళ్లు తిరుగుతున్నాయి. సిటిజన్ సహకారంతో 1961లో మొదలై 2016లో మూతపడిన హెచ్ఎంటీ వాచీ ఎన్నో ఇళ్లలో తాతల జ్ఞాపకం. దాని మొహానికి ఇష్టమొచ్చిన రంగు పూసి అసలుదని అమ్మడం నాకు మోసంగానే కనిపిస్తుంది. పట్టుకోవడానికి దారి ఉంది. మళ్లీ వేసిన డయల్‌లో అట్టడుగు రాత మందంగా, వంకరగా ఉంటుంది, లేదా అసలు ఉండదు. అతినీలలోహిత టార్చి వేసి ఆర్పండి. పాత ట్రిటియం రంగు వెలుతురు ఉన్నంతసేపు మెరిసి, ఆర్పగానే దాదాపు అప్పటికప్పుడే చల్లారుతుంది. అరవై ఏళ్ల వాచీ టార్చి ఆర్పాక కూడా పచ్చగా వెలుగుతూనే ఉంటే ఆ రంగు మొన్నమొన్న పూసింది.

దూరం నుంచి కొంటుంటే ఆరు అంకె కింది భాగాన్ని దగ్గరగా తీసిన ఫోటో అడగండి, ఇవ్వనంటే ఆ బేరం వదిలేయండి. రేడియం ఉందని అనుమానం ఉన్న వాచీని ఇంట్లో విప్పకండి, పెచ్చులూడుతున్న రంగును గోకకండి, ఆ పొడి ఊపిరితో లోపలికి పోతే ప్రమాదం. అలాంటివి అనేకం కలిపి గాలాడని పెట్టెలో, పడకగదిలో దాచకండి, రేడియం నుంచి రేడాన్ వాయువు వస్తుంది. బాగుచేయడానికి ఇచ్చేటప్పుడు ఇందులో రేడియం ఉండొచ్చని వాచీ మెకానిక్‌కు తప్పకుండా చెప్పండి, డయల్ మీదికి వంగి పని చేయాల్సింది ఆయనే.