ముసఖన్: ఒక కోడి, ఒక కొండ

విద్యార్థి సంఘం సావనీరులో వంట మీద వ్యాసమేమిటని కొందరు మిత్రులు ముక్కున వేలు వేసుకోవచ్చు. కవితలూ, కథలూ, శాస్త్ర వ్యాసాలూ ఉండవలసిన చోట కోడికేం పని అని అడగనూ వచ్చు. నా మనవి ఒక్కటే. కొన్ని దేశాల గురించి మనకు పత్రికల ద్వారా తెలిసేది యుద్ధాలూ, ఒప్పందాలూ, సరిహద్దులూ మాత్రమే. అక్కడి జనం ఏం తింటారో, ఆ తిండి ఎక్కణ్ణుంచి వస్తుందో తెలిస్తే ఆ వార్తలే ఇంకో విధంగా అర్థమవుతాయి. పాలస్తీనా విషయంలో ఇది మరీ నిజం. అందుకని వాళ్ల వంటల్లో పేరు మోసిన ‘ముసఖన్’ అనే కాల్చిన కోడి గురించీ, అందులో పడే దినుసుల గురించీ ఇక్కడ వివరిస్తాను.

మన దేశపు విశ్వవిద్యాలయాలకు పాలస్తీనా విద్యార్థులు రావడం కొత్త సంగతేం కాదు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే రోజుల్లో హాస్టల్లో మా పక్క గదిలో తుల్కారం ఊరి కుర్రాడొకడు ఉండేవాడు. ఈ వంట అతని దగ్గర నేర్చుకున్నదే. చేసే పద్ధతి అతనిది. అందులో కలిపిన కెమిస్ట్రీ మాత్రం మా మేస్టార్ల చలవ.

అరబ్బీలో ముసఖన్ అంటే ‘వేడి చేసినది’ అని అర్థం. పేరు ఇంత సాదాగా ఉండడానికి కారణం లేకపోలేదు. పాలస్తీనాలో ఆలివ్ కాయల కోత అక్టోబరు, నవంబరు నెలల్లో సాగుతుంది. పల్లెల్లో ఇంటిల్లిపాదీ చెట్ల కిందికి చేరతారు. గానుగ నుంచి కొత్త నూనె ఇంటికి రాగానే దాన్ని రుచి చూడాలి కదా! మట్టి పొయ్యిలో కాల్చిన రొట్టెలు, నూనెలో మగ్గిన ఉల్లిపాయలు, వాటిపైన కోడి. ఇదీ ముసఖన్. నిజం చెప్పాలంటే ఇక్కడ పరీక్షకు కూర్చునేది కోడి కాదు, ఆ ఏటి నూనె. కొత్త నూనె పచ్చగా ఉండి మింగేటప్పుడు గొంతులో కాస్త గరగరలాడుతుంది. ఓలియోకాంతాల్ అనే పదార్థం దానికి కారణం. ఆ గరగర తగలకపోతే పెద్దవాళ్లు పెదవి విరుస్తారట.

ఇక దినుసులకు వద్దాం. అన్నిటికన్నా ముఖ్యమైనది సుమాక్. ఇది కొండవాలుల్లో పెరిగే ఒక పొద. ముదురు ఎరుపు రంగు గుత్తులుగా కాసే దీని చిన్న కాయల్ని ఎండబెట్టి దంచితే పుల్లటి పొడి వస్తుంది. వృక్షశాస్త్రం మిత్రులకు సంతోషం కలిగించే సంగతేమిటంటే, సుమాక్ మన మామిడికీ, జీడిమామిడికీ చుట్టమే. మూడూ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. అందులోని పులుపు ప్రధానంగా మాలిక్ ఆమ్లం వల్ల వస్తుంది. పచ్చి ఆపిల్ కొరికినప్పుడు నాలుకకు తగిలే పులుపు అదే. కొద్దిగా వగరు కూడా ఉంటుంది, అది టానిన్ల పని. ‘సుమాక్ దొరక్కపోతే చింతపండు రసం పోస్తే సరిపోదా’ అని ఓసారి అడిగాను. ‘మీ చింతపండు పప్పుచారుకు రాజే, కాదనను. రొట్టె మీద పోస్తే మాత్రం రొట్టె గంజి అయిపోతుంది భాయ్’ అన్నాడు. ఆలోచిస్తే కిటుకంతా అక్కడే ఉంది. సుమాక్ తడి లేని పులుపు. రొట్టెను నానబెట్టకుండానే రుచినిస్తుంది.

రెండోది ఆల్‌స్పైస్. చూడడానికి లావుపాటి మిరియపు గింజలా ఉంటుంది, వాసన చూస్తే లవంగం, దాల్చినచెక్క, జాజికాయ కలిపినట్టుంటుంది. ఆ లవంగపు వాసనకు మూలం యూజినాల్. మన లవంగంలోనూ ఉన్నది అదే. ఈ చెట్టు పుట్టిల్లు కరీబియన్ దీవులు, మధ్య అమెరికా ప్రాంతం. కనుక కొలంబస్ ప్రయాణాలకు ముందు పాలస్తీనా వంటింట్లో ఇది ఉండే అవకాశమే లేదు. మనకు మిరపకాయ వచ్చినట్టే వాళ్లకు ఇది వచ్చి ఇంటిమనిషైపోయింది. వీటికి తోడు ఏలకులు, దాల్చినచెక్క, మిరియాలు కొద్దికొద్దిగా పడతాయి.

చేసే విధానం. 1,200 గ్రాముల కోడిని తోలు తీయకుండా నాలుగు ముక్కలు చేయించాలి. ఉప్పు, ఒక చెంచా ఆల్‌స్పైస్ పొడి, అర చెంచా మిరియాల పొడి, చిటికెడు దాల్చినచెక్క పొడి, ఒక పెద్ద చెంచా సుమాక్, రెండు పెద్ద చెంచాల ఆలివ్ నూనె పట్టించి రెండు గంటలు పక్కన పెట్టాలి. ఓవెన్‌ను 200 డిగ్రీల సెంటిగ్రేడ్‌కు కాచి, ముక్కల్ని 45 నిమిషాలు కాల్చాలి. తోలు దోరగా ఎర్రబడడమే గుర్తు. ఎమినో ఆమ్లాలూ చక్కెరలూ వేడికి కలిసి రంగూ, వాసనా పుట్టించే ఈ చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ వివరించాడు. తోలు తడిగా ఉంటే ఈ చర్య సాగదు. అందుచేత కాల్చే ముందు ముక్కల్ని గుడ్డతో అద్దడం మరిచిపోవద్దు.

ఈలోగా కిలో ఉల్లిపాయల్ని మరీ సన్నగా కాకుండా తరిగి, ముప్పావు గ్లాసు ఆలివ్ నూనెలో, కాస్త ఉప్పు వేసి, సన్నని సెగ మీద 40 నిమిషాలు మగ్గనివ్వాలి. మన కూరలకు వేయించినట్టు ఎర్రగా వేయించకూడదు. ఉల్లిపాయ కోయగానే దానిలోని ఎంజైము గంధకపు పదార్థాలతో కలిసి ఘాటు పుట్టిస్తుంది. సన్నని సెగ మీద ఆ ఘాటు ఎగిరిపోయి, అడుగున దాగిన తీపి పైకి తేలుతుంది. దించే ముందు మూడు పెద్ద చెంచాల సుమాక్ కలిపితే ఉల్లిపాయలు ఊదారంగులోకి తిరుగుతాయి.

రొట్టె విషయానికొస్తే, అసలుది తాబూన్ రొట్టె. మట్టి పొయ్యిలో వేడెక్కిన గులకరాళ్ల మీద కాలుస్తారు కనుక దాని ఒళ్లంతా గుంటలు పడుతుంది. ఆ గుంటల్లో నూనె నిలుస్తుంది. మనకు మందపాటి తందూరీ రొట్టెతో పని జరుగుతుంది. రొట్టెకు ఉల్లిపాయల నూనె పట్టించి, ఉల్లిపాయలు పరిచి, పైన కోడి ముక్క పెట్టి, మళ్లీ ఓవెన్‌లో 8 నిమిషాలు ఉంచాలి. చివర్లో వేయించిన బాదం పలుకులు గానీ, చిల్గోజా పప్పు గానీ చల్లితే సరి.

ఇంతవరకూ వంట. ఇకపైన చెప్పేది ఆ దినుసులు వచ్చే నేల గురించి.

పైన చెప్పిన వాటిలో ఆల్‌స్పైస్ వంటివి కొట్లో కొనేవి. నూనె, సుమాక్ మాత్రం కొండ మీదివి. అదే కొండ మీద జాతర్ అనే మరో మొక్క ఉంది. వాము వాసన లీలగా తగిలే చిన్న ఆకు. ఎండబెట్టి నువ్వులు, సుమాక్, ఉప్పు కలిపితే రోజూ రొట్టెతో తినే పొడి తయారవుతుంది. మామూలు రోజుల్లో కోడికి దీన్నే పట్టించి కాల్చే ఇళ్లూ ఉన్నాయి. అడవి జాతర్ అంతరించిపోతున్నదంటూ ఇజ్రాయెల్ ప్రభుత్వం 1977లో దాన్ని రక్షిత మొక్కల జాబితాలో చేర్చింది. 2005లో అక్కూబ్ అనే ముళ్ల కూర మొక్కనూ చేర్చింది. కోసినవాళ్లకు జరిమానాలు పడ్డాయి, కేసులు నడిచాయి. మొక్కను కాపాడాలన్నది ప్రభుత్వ వాదం. తాతముత్తాతల నుంచి వేరు కదపకుండా కొసలే తుంచుకుంటున్నామనీ, మొక్క బతకాలని అందరికన్నా ఎక్కువగా కోరుకునేది తామేననీ పాలస్తీనీయుల వాదం. జుమానా మన్నా 2022లో తీసిన ‘ఫోరేజర్స్’ అనే చలనచిత్రానికి వస్తువు ఈ తగవే.

ఆలివ్ చెట్ల సంగతీ ఇంతే. 2002లో ఇజ్రాయెల్ కట్టడం మొదలుపెట్టిన గోడ తుల్కారం చుట్టుపక్కల ఎన్నో పల్లెలకూ వాళ్ల తోటలకూ మధ్య నిలిచింది. దాడుల్ని ఆపడానికే కట్టామని ఇజ్రాయెల్ అంటుంది. ఆక్రమిత భూమిలో దాన్ని కట్టడం అంతర్జాతీయ న్యాయానికి విరుద్ధమని హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 2004లో అభిప్రాయం చెప్పింది. ఏమైనా, అవతల పడిపోయిన చెట్టు దగ్గరికి వెళ్లాలంటే రైతుకు పర్మిట్ కావాలి, గేటు తెరవాలి. 2023 అక్టోబరులో యుద్ధం మొదలైనాక ఆ ఏటి కాయలు చాలామందికి చెట్టుమీదే రాలిపోయాయి. ఇక గాజాలోనైతే 2025 ఆగస్టులో కరువు ఉన్నట్టు ఐక్యరాజ్యసమితి మద్దతు గల నిపుణుల సంస్థ నిర్ధారించింది. అప్పుడు అక్కడ కోడి మాట దేవుడెరుగు, రొట్టె కాల్చుకోవడానికి పిండి కూడా కరువే అయింది.

మనం ఇక్కడ సీసా నూనె కొని, పొట్లం సుమాక్ తెప్పించి ముసఖన్ చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ చెట్టు పక్కన పుట్టినవాడికి మాత్రం కావాలి. మా పక్క గది మిత్రుడు ప్రతి అక్టోబరులోనూ ఇంటి నుంచి వచ్చిన నూనె డబ్బా మూత తీసి ముందు వాసన చూసేవాడు, ఆ తర్వాతే ఉత్తరం చదివేవాడు. ఎందుకో అప్పట్లో నాకు బోధపడలేదు, ఇప్పుడు కొంత అర్థమవుతున్నది.

సోదర విద్యార్థులకు చివరగా ఒక సూచన. ముసఖన్‌ను ఎవరి ప్లేటులో వాళ్లకు వడ్డించకండి. పెద్ద పళ్లెంలో మధ్యన పెట్టి, చుట్టూ కూర్చుని, స్పూన్లు పక్కన పడేసి, రొట్టె తుంచి దానితోనే కోడినీ ఉల్లినీ కలిపి పట్టుకుని తినాలి. ఒక కోడి నలుగురికి సరిపోతుంది. హాస్టల్లో అయితే ఎనిమిదిమంది సర్దుకోవచ్చు, కాకపోతే రొట్టెలు కాస్త ఎక్కువ కాల్చుకోండి.